మూడు గంటల పన్నెండు నిమిషాల అబద్ధం

పోయిన నెల కూర్మన్నపాలెంలోని మా ఇంటికి రంగులు వేయించాం. అటక మీది సామాన్లు దించుతున్న మేస్త్రి ఒక రేకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టి, “ఇదేటమ్మా, పాతకాలం టీవీయా?” అని అడిగాడు. ముందువైపు పాలరంగు గాజుపలక, వెనక ఎలకలు కొరికేసిన వైరు. అది మా నాన్న లైటుపెట్టె. టీవీ కాదని చెప్పాను కానీ ఏమిటో చెప్పే ఓపిక లేకపోయింది. దాన్ని తుడిచి వరండాలో గోడవారన పెట్టించి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇల్లంతా రంగుల వాసన. అయినా ఆ పెట్టె నుంచి పుల్లటి మందు వాసనేదో వస్తున్నట్టే అనిపించింది. దానితో పాటు, ఎప్పుడో వదిలిపోయిందనుకున్న భయం కూడా తిరిగొచ్చింది.

ఎక్స్-రే కాంతిలో నక్షత్రాలను చూడటం నా వృత్తి. ఇరవై ఏళ్ళు దాటింది వేరే ఊళ్ళో ఆ పాఠాలు చెప్పబట్టి. నా దగ్గర చదువుకునే పిల్లలు నన్ను జంకూ గొంకూ లేని మనిషి అనుకుంటారు. సభల్లో ఎంతటివాళ్ళనైనా నిలదీస్తానని పేరు కూడా ఉంది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు ఈ ఇంట్లో గడిపిన ఒక మూడు నెలలు గుర్తొస్తాయి. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, పరిశోధన మొదలుపెట్టి రెండేళ్ళు. అప్పుడు భయపడినంతగా తర్వాత ఎన్నడూ భయపడలేదు. నాన్న పోయినప్పుడు కూడా.

నాన్నది కోనసీమ. పని కోసం విశాఖపట్నం చేరిన గోదావరి జిల్లాల వాళ్ళలో ఆయనొకడు. మా చుట్టుపక్కల ఇళ్ళ మగవాళ్ళంతా షిఫ్టు బస్సులెక్కి ఉక్కు కర్మాగారంలోకి వెళ్ళేవాళ్ళు. నాన్న ఒక్కడూ పోర్టు బస్సెక్కేవాడు. గొట్టాలు అతికే ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో ఉద్యోగం. వెల్డింగు చేసిన అతుకులకు ఎక్స్-రే తీసి, ఆ ఫిల్ములను లైటుపెట్టె మీద పెట్టి, లోపల పగుళ్ళున్నాయో లేవో చూసి సంతకం పెట్టడం ఆయన పని. డాక్టర్లు ఛాతీ ఫిల్ము చూస్తారే, అలాగే. ఆయన సంతకం పడితేనే ఆ గొట్టంలోకి గ్యాసు వదిలేవారు. అందరూ ఆయన్ని మాస్టారని పిలిచేవారు.

ఎక్స్-రేలు బట్టలకు అంటుకుని ఇంటికొస్తాయని మా అమ్మ నమ్మకం. నాన్న చొక్కా ప్యాంటూ వేరే బకెట్లో నానబెట్టేది. ఆయన స్నానం చేసి వచ్చేదాకా కాఫీ ఇచ్చేది కాదు. “అది దీపం లాంటిదే పిచ్చిదానా, స్విచ్చి తీస్తే పోతుంది” అని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. “మరి ఆ వాసనేంటండీ?” అనేది అమ్మ. అది ఫిల్ములు కడిగే మందు వాసన. ఆయన వేళ్ళకు పట్టేసి, ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. చిన్నప్పుడు ఆయన అన్నం కలిపి ముద్ద పెడితే నెయ్యి వాసన వెనకాల అది సన్నగా తగిలేది. ఇంట్లో ఆయన ప్రతిదాన్నీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసేవాడు. మా స్కూలు మార్కుల కాగితాలను, చొక్కా గుడ్డను, ఆఖరికి పెసరట్టును కూడా. “ఇక్కడ పల్చబడిందే, పిండి సరిగ్గా తిప్పలేదు” అంటే అమ్మ అట్లకాడ ఎత్తేది. దువ్వాడ వైపు నుంచి గూడ్సు బళ్ళ చప్పుడు, పెరట్లో కరివేపాకు చెట్టు ఆకుల మీద దుమ్ము కడిగే నీళ్ళ చప్పుడు, తాళింపు, ఆ పుల్లటి మందు. నా బాల్యమంటే నాకివే. నీడలను చదవడం నాన్న దగ్గరే నేర్చుకున్నాను. ఫిజిక్సు వైపు వెళ్ళడానికి అంతకంటే పెద్ద కారణమేదీ లేదు.

పరిశోధనకు చేరాక సెలవుల్లో వచ్చి, నేను చూసేదేమిటో ఒకసారి నాన్నకు చెప్పాను. ఒక పెద్ద నక్షత్రం చచ్చిపోతే దాని నడిమి ముద్ద మిగులుతుంది, అదే న్యూట్రాన్ నక్షత్రం. సూర్యుడి కంటే బరువు. అడ్డంగా కొలిస్తే మాత్రం ఇరవై కిలోమీటర్లు, దువ్వాడ నుంచి రుషికొండ దాకా కూడా రాదు. దానికి పక్కనే మామూలు నక్షత్రమొకటి జంటగా ఉండి, రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే, ఇది ఆ రెండోదాని ఒంటిమీది వాయువును లాక్కుంటుంది. లాక్కున్న వాయువు సుడి తిరుగుతూ మీద పడేటప్పుడు కోట్ల డిగ్రీల వేడెక్కి ఎక్స్-రేలు చిమ్ముతుంది. వాటిని మన గాలి కిందికి రానివ్వదు కనుక ఉపగ్రహంలో పరికరం పెట్టి లెక్కపెట్టాలి. ఎంతసేపటికొకసారి ఆ లెక్క తగ్గుతోందో చూస్తాం. క్రమం తప్పకుండా తగ్గుతుంటే, తిరిగేటప్పుడు ఏదో అడ్డొస్తోందన్నమాట. ఆ వ్యవధే ఆ జంట ఒక చుట్టు తిరిగే కాలం.

నాన్న అంతా విని, “అంటే ఒకరి రక్తం ఇంకొకరు తాగుతున్నారు. పెళ్ళయినవాళ్ళే అయ్యుంటారు” అన్నాడు. వంటింట్లోంచి అమ్మ, “వినపడుతోందండీ” అంది.

ఆ ఏడాది వానాకాలంలో అమ్మ పెరట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. తొడ దాకా కట్టు వేశారు. మూడు నెలలు కదలకూడదన్నారు. మా గైడు శేషాచలం గారి అనుమతి తీసుకుని, నా నక్షత్రం తాలూకు డేటా డిస్కుల్లో పెట్టుకుని నేను ఇంటికొచ్చేశాను. పొద్దున వంట, అమ్మకు స్నానం, మందులు. మధ్యాహ్నం అమ్మ పడుకున్నాక జంక్షన్లోని కంప్యూటర్ సెంటరుకు వెళ్ళేదాన్ని. దాని యజమాని అప్పలరాజు, నాకంటే ఐదారేళ్ళు పెద్ద. రేవు పక్కన జాలర్ల పేటలో పుట్టినవాడు. వాళ్ళ నాన్న ఇంకా వేటకు వెళుతున్న రోజుల్లోనే ఇతను నాలుగు పాత కంప్యూటర్లు కొని ఈ వ్యాపారం పెట్టాడు. మధ్యాహ్నం పూట పిల్లలు రారు కనుక ఒక మిషను నాకు వదిలేసేవాడు. “నచ్చత్రాల్ని మా కొట్లో కూకుని సూత్తన్నావు సెల్లీ, ఎవులికైనా సెప్తే నమ్ముతారేటి?” అని నవ్వేవాడు.

ఆ కొట్లోనే నాకది కనపడింది. నక్షత్రం నుంచి వచ్చే కిరణాల లెక్క మూడు గంటల పన్నెండు నిమిషాలకొకసారి తగ్గుతోంది. ఒకటి కాదు, గ్రాఫు గీతలో వరసగా తొమ్మిది పల్లాలు. ఆ జంట చుట్టు తిరిగే కాలం అప్పటివరకూ ఎవరికీ తెలియదు. పక్కనే ఫోను బూతుకు పరుగెత్తి శేషాచలం గారికి చెప్పాను.

ఆయన తెలుగువారే కానీ మాట పొదుపు. రెండేళ్ళలో నన్ను మెచ్చుకున్నది ఒక్కసారి కూడా లేదు. అంతా విని, “భూమి అంచు దగ్గర తీసిన డేటా పక్కన పెట్టేశావు కదమ్మా?” అని అడిగారు. ఉపగ్రహం భూమి చుట్టూ తిరుగుతుంటుంది. మనం చూసే నక్షత్రం, పొద్దు గుంకినట్టుగా, భూమి అంచు దాకా దిగినప్పుడు మధ్యలో గాలి అడ్డొచ్చి కిరణాలు తగ్గిపోతాయి. ఆ నిమిషాల డేటాను తీసిపారేయాలి. ప్రోగ్రాములో అందుకొక వరస రాయాలి, ఒక్క లైను. ఆ వరస నేను ఇక్కడ రాశానో, అక్కడి కంప్యూటర్లోనే వదిలేశానో ఆ క్షణాన నాకు నిజంగా గుర్తు లేదు. చూసి చెప్తానండీ అంటే సరిపోయేది. కానీ ఆయన గొంతులో మొదటిసారి ఏదో ఉత్సాహం వినపడుతోంది. అది ఆగిపోతుందేమోనని భయం వేసింది. “పెట్టేశాను సార్” అన్నాను.

వారం తిరక్కుండా ఆయన మా ఇద్దరి పేర్లతో లోకంలోని ఖగోళ శాస్త్రజ్ఞులందరికీ ఒక ప్రకటన పంపారు. ఇంకో దేశంలో ఒక బృందం వేరే పనులు ఆపుకుని తమ ఉపగ్రహాన్ని అటు తిప్పుతామని జవాబిచ్చింది. ఆయన ఆ ఉత్తరం నాకు పంపి కింద ‘శభాష్’ అని ఒక్క మాట రాశారు. అప్పలరాజు ఆ మాటను ప్రింటు తీసి గోడకు అంటించాడు.

నేను ఆ గీతల కాగితం ఇంటికి తెచ్చి నాన్నకు చూపించాను. అలవాటు కొద్దీ కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. చాలాసేపు, ముక్కుకు ఆనేంత దగ్గరగా. తర్వాత అడిగాడు: “ఈ పల్లాలు నక్షత్రానివా, మీ మిషనువా?”

“అదేంటి నాన్నా?”

“మా పనిలో ముందు తేల్చుకోవలసింది అదేనే. ఫిల్ము మీద నల్లగీత కనపడుతుంది. అది ఇనుములో పగులా, ఫిల్ముకి తగిలిన గోరు గీతా? ఏటవాలుగా తిప్పి చూస్తాం. మెరిస్తే పైది, మెరవకపోతే లోపలిది. మీకలాంటిదేం లేదా?”

నాకు కోపం వచ్చింది. అంత పెద్దవాళ్ళు ఒప్పుకున్నాక వెల్డింగు చూసుకునే మనిషికి అనుమానమేమిటనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గే. మర్నాడు మధ్యాహ్నం, ఆయన మాట తప్పని చూపించడానికే, ఉపగ్రహం ఏ నిమిషాన ఎక్కడుందో చెప్పే పట్టిక తెరిచి నా పల్లాల పక్కన పెట్టాను. తొమ్మిదింటికి తొమ్మిదీ భూమి అంచు దగ్గరే. ఆ వరస నేను రాయలేదు. ఉపగ్రహం భూమిని చుట్టడానికి పట్టేది తొంభై ఆరు నిమిషాలు. ఒక చుట్టులో నా నక్షత్రాన్ని, తర్వాతి చుట్టులో ఇంకొకరి నక్షత్రాన్ని చూసింది. రెండు చుట్లకు మూడు గంటల పన్నెండు నిమిషాలు. నేను కనిపెట్టింది మన భూమి గాలిని.

మౌసు వదిలేసి కూర్చున్నాను. అప్పలరాజు లేచి వచ్చాడు.

“ఏటయ్యింది సెల్లీ? మొకం అలగైపోనాదేటి? అమ్మకేటైనా...”

“ఏం లేదన్నా. తప్పు లెక్క వేశాను.”

“తప్పైతే దిద్దీ. దానికింత గాబరాయేటి?” అని సోడా తెప్పించాడు. ఆ సోడా పక్కన పెట్టేశాను. ఎదురుగా గోడ మీద ‘శభాష్’.

ఎనిమిది రోజులు ఎవరికీ చెప్పలేదు. తప్పు చేసినందుకు కాదు భయం. తప్పు ఎవరైనా చేస్తారు. చూడకుండా చూశానన్నాను, అదీ భయం. చదువు ఆపేసి ఇంటికి పొమ్మంటారు. పోనీ, అది నాకొక్కదానికీ. మరి ముప్పై ఏళ్ళుగా శేషాచలం గారు సంపాదించుకున్న పేరు? ఇంట్లో ఫోను మోగితే అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయేది. “నాకైతే బయటికెళ్ళిందని చెప్పమ్మా” అనేదాన్ని. అమ్మ నా వంక ఒక చూపు చూసి, మంచం పక్కనున్న ఫోను ఎత్తి అలాగే చెప్పేది. ఈమెయిలు తెరవడం మానేశాను. అవతల ఆ బృందం ఉపగ్రహాన్ని తిప్పే రోజు దగ్గర పడుతోంది. ఏమీ లేని చోటికి.

ఆ ఎనిమిది రోజుల్లోనే ఇంకొకటి గమనించాను. నాన్న ఫిల్ములు ఇంటికి తెస్తున్నాడు. తేకూడదు. నా చిన్నతనంలో ఏదైనా ఆపద్ధర్మంగా ఒకటీ అరా తెచ్చేవాడేమో గానీ, ఇప్పుడు రోజూ సంచీ నిండా తెస్తున్నాడు. పని ఎక్కువైందన్నాడు. వరండాలో ఈ లైటుపెట్టె వెలిగించి, దాని మీదికి దీపం ముందు వంగినట్టు వంగిపోయేవాడు. “అమ్మడూ, ఈ మూల నెంబరు చదువు” అనేవాడు. ఫిల్ము మీద ఏ అతుకో తెలియడానికి సీసపు అంకెలు పెట్టి ఎక్స్-రే తీస్తారు. తెల్లగా, అరంగుళం ఎత్తున పడతాయి ఆ అంకెలు. అవి కనపడనివాడికి వెంట్రుక మందం పగులు ఎలా కనపడుతుంది? మొదటి రోజు అద్దాలు మరిచిపోయి వచ్చాడనుకున్నాను. నాలుగో రోజుకు అర్థమైంది. నాలుగో రోజు కూడా నోరు విప్పలేదు. నా భయమే నాకు చాలనిపించింది.

ఎనిమిదో రోజు సాయంత్రం ఒక ఫిల్ములో నాకు గీత కనపడింది. అతుకు మధ్యలో, సన్నగా, కొద్దిగా వంకరగా.

“ఇదేంటి నాన్నా?”

“ఎక్కడా? ఆ... గోరు గీతేలే.”

ఫిల్ము తీసుకుని ఏటవాలుగా తిప్పాను. మెరవలేదు. ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఎటు తిప్పినా మెరవలేదు. నేను తలెత్తేసరికి ఆయన కాగితం మీద ఆ నెంబరు ఎదురుగా సంతకం పెడుతున్నాడు.

“ఈ గొట్టం ఎక్కడిది?”

“రేవులోంచి ట్యాంకుల దాకా. అమ్మోనియా లైను.”

ఆ లైను నాకు తెలుసు. జాలర్ల పేట గోడ వెనకాల నుంచి పోతుంది. అప్పలరాజు వాళ్ళమ్మ ఉండే ఇంటికి వంద గజాలు ఉండదు. ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళకు గ్యాసు అంటే వేరే చెప్పక్కర్లేదు. గాలిలో కొత్త వాసనేదైనా వస్తే ఇక్కడి ఆడవాళ్ళు పొయ్యి కట్టేసి పిల్లల్ని లెక్కపెట్టుకుంటారు.

“నాన్నా, నీకు కనపడటం లేదు.”

ఆయన పెన్ను మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు. “ఎవరన్నారు?”

“గీత ఎక్కడుందో నీకు తెలీదు. నేను చెప్తే ఊహించావు.”

ఆయన లైటుపెట్టె స్విచ్చి తీసేశాడు. వెలుతురు లేకపోయేసరికి ఆయన మొహం ఒక్కసారిగా ముసలిదైపోయినట్టుంది. “పొర కమ్మిందే,” అన్నాడు. “కుడికన్ను పూర్తిగా. ఎడమది కూడా... మొన్న కంపెనీ వాళ్ళు కళ్ళ పరీక్షకు పంపారు. నా ముందున్న వాళ్ళు చదువుతుంటే విని ఆ అక్షరాలు కంఠతా పట్టేశాను. చెప్పేశాను గడగడా. డాక్టరు బాగున్నాయన్నాడు. కళ్ళు పోయాయంటే నన్నెక్కడ పెడతారే? మాస్టారూ అని పిలిచేవాళ్ళంతా రేపటి నించీ ఏమని పిలుస్తారు?”

అంతవరకూ ఆయన్ని కోప్పడదామనే ఉంది నాకు. ఆ అక్షరాలు కంఠతా పట్టిన మాట వినేసరికి అక్కడే గచ్చు మీద కూర్చున్నాను. నేనూ అదే చేశాను. ఆయనకు చెప్పాను, మొదటి నుంచీ, ఆ ఫోను, ఆ ‘పెట్టేశాను సార్’, ఎనిమిది రోజులు. ఆయన చెయ్యి చాచి నా తల కోసం తడిమాడు. రెండుసార్లు తడిమాక గానీ దొరకలేదు.

లోపల మంచం మీద నుంచి అమ్మ గొంతు వినపడింది. “అయిందా ఇద్దరిదీ?” మేం ఉలిక్కిపడ్డాం. “నాకు కాలు విరిగింది గానీ చెవులు విరగలేదు. ఆయన చూపు సంగతి నాకు ఉగాది నాడే తెలుసు. పచ్చడిలో వేపపువ్వనుకుని చింతపిక్క నమిలారు. చెప్తారేమోనని చూస్తున్నా. నువ్వేమో ఫోను మోగితే దాక్కుంటున్నావు. రేపు పొద్దున్నే ఇద్దరూ వెళ్ళి ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పి రండి. నాకీ కట్టు లేకపోతే చెరో చెయ్యీ పట్టుకుని నేనే తీసుకెళ్ళేదాన్ని.” గొంతు తగ్గించి, “నాకు భయంగా ఉందండీ” అంది. అమ్మ నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు.

మర్నాడు నాన్నతో పాటు పోర్టు బస్సెక్కాను. బస్సు నెంబరు ఏదో నన్నే చెప్పమన్నాడు. ఎన్నాళ్ళుగా ఎవరినడిగి ఎక్కుతున్నాడో. దారి పొడుగునా ఆ ఫిల్మున్న సంచీని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. సైటు ఆఫీసులో ఇంజినీరు నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు, అంతే. నాన్న కూర్చోకుండా నిలబడే చెప్పాడు. సాకులేమీ చెప్పలేదు. ఫిల్ము బల్ల మీద పెట్టి, “ఇది మా అమ్మాయి చూసింది. నాకు కనపడలేదు. ఇదే కాదండీ, కొన్నాళ్ళ నించీ ఏదీ సరిగ్గా కనపడలేదు” అన్నాడు.

ఆ ఇంజినీరు కుర్చీలోంచి లేచాడు. “ఎన్నాళ్ళ నించి మాస్టారూ?”

“ఉగాది నించీ రాసుకోండి. ఇంకో నెల ముందు నించీ అయినా రాసుకోండి.”

“లైన్లోకి గ్యాసు వదలడానికి తొమ్మిది రోజులుంది.”

“వదలకండి,” అన్నాడు నాన్న.

బయటికొచ్చాక గేటు ఎదురుగా ఉన్న బూతులోంచి శేషాచలం గారికి ఫోను చేశాను. అద్దం తలుపుకు అవతల నాన్న ఎండలో నిలబడి ఉన్నాడు, నా వైపు తిరిగి, నేను కనపడకపోయినా. ఏమేం చెప్పానో క్రమంగా గుర్తు లేదు. లైను కట్టయిందేమోనని “సార్?” అన్నాను.

“నేనడిగినప్పుడు అవునన్నావు.”

“చూడలేదు సార్. భయమేసి అన్నాను.”

“నేనంటే అంత భయమా?” అన్నారు. ఆయన ఫోను పెట్టేశారు.

ఆ సాయంత్రమే, అవతలి బృందం ఉపగ్రహాన్ని తిప్పకముందే, ప్రకటన వెనక్కి తీసుకున్నారు. కింద ఆయన పేరొక్కటే ఉంది. పరిశీలనలో లోపం తనదేనని రాశారు. నా పేరు లేకపోవడం ఆయన దయో శిక్షో నాకు చాలాకాలం తెలియలేదు. తిరిగి వెళ్ళాక ఆరు నెలలు పని గురించి తప్ప నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ప్రతి డిస్కూ మొదటి నుంచీ మళ్ళీ నాతో చేయించి, పక్కన కుర్చీలో కూర్చుని చూసేవారు. శుభ్రం చేశాక నా నక్షత్రంలో ఏ పల్లమూ మిగల్లేదు. దాని అసలు కాలాన్ని కొన్నేళ్ళ తర్వాత వేరేవాళ్ళు కనిపెట్టారు. నేను ఇంకో నక్షత్రం మీద డాక్టరేటు తీసుకున్నాను. ఆ రోజు ఆయన నా చేతిలో చెయ్యి కలిపి, “ఇప్పటికీ భయమేనా?” అని అడిగారు. అవునండీ అన్నాను. తలూపారు.

నాన్న చూసిన ఫిల్ములన్నిటి అతుకులకూ మళ్ళీ ఎక్స్-రేలు తీశారు. నేను చూసిన గీత పగులు కాదు. ఫిల్ము కింద పెట్టే సీసపు రేకు మీది గీత అచ్చుపడిందట. అందుకే మెరవలేదు. ఆ కబురు విని ఒక రోజంతా ఊపిరి పీల్చుకున్నాం. రెండో రోజు ఇంకో కబురొచ్చింది. వేరే రెండు అతుకుల్లో నిజంగానే పగుళ్ళున్నాయి, ఒకటి చిటికెన వేలంత. ఆ రెండు ఫిల్ములూ నాన్న ఇంటికి తెచ్చినవి కావు. ఏ అనుమానమూ రాక, ఆఫీసులోనే కూర్చుని, సంతకం పెట్టేసినవి. గొట్టం కోసి మళ్ళీ అతికాక గానీ గ్యాసు వదల్లేదు. నాన్నను ఫిల్ముల నుంచి తీసేసి సామాన్ల గదిలో వేశారు. రెండు కళ్ళకూ ఆపరేషనయ్యాక చూపు బాగానే వచ్చింది. సంతకం హక్కు తిరిగి రాలేదు. ఆయన అడగనూ లేదు. ఆ రెండు అతుకుల నెంబర్లు మాత్రం ఆయనకు చివరిదాకా నోటికి వచ్చు. జ్వరం వచ్చినప్పుడు పలవరించేవాడు.

ఇప్పుడు నా విద్యార్థులకు భూమి అంచు గొడవ లేదు. ఆ వరస వాళ్ళు రాయక్కర్లేదు, సాఫ్ట్‌వేరే తీసిపారేస్తుంది. నెలలు పట్టే లెక్క టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. గీతలు నున్నగా, అందంగా వస్తాయి. చూశారా అని అడిగితే, సాఫ్ట్‌వేరు చూసింది మేడమ్ అంటారు. అది చూసిందేమిటో మరి. వాళ్ళ కంటే నేను గొప్పదాన్నని కాదు. ఆ వయసులో ఆ సదుపాయం ఉంటే నేనూ అదే అనేదాన్ని. కానీ వాళ్ళ మొహాల్లో నిశ్చింత చూస్తే నాకు నా ఎనిమిది రోజులు గుర్తొచ్చి గుబులుగా ఉంటుంది.

రంగుల పని ముగిసే రోజున జంక్షనుకు వెళ్ళాను. అప్పలరాజుది ఇప్పుడు మొబైల్ ఫోన్ల కొట్టు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. అప్పట్లో ‘తప్పు లెక్క’ అని మాత్రమే చెప్పాను అతనికి. గొట్టం సంగతి ఎన్నడూ చెప్పలేదు. వాళ్ళమ్మ ఇంటి వెనకాల ఏం జరగబోయిందో తెలిసి కూడా, అతను పోసిన టీలు తాగుతూ, ఇన్నేళ్ళూ దాచాను. మొదట నాన్న పరువు కోసం అనుకున్నాను. తర్వాత, ఆలస్యమైపోయిందనుకున్నాను. ఆ రోజు కొట్లో ఎవరూ లేరు. చెప్పేశాను.

అతను చేతిలోని ఫోను కింద పెట్టాడు. “ఆ గొట్టం మీదే మాయమ్మ సేపలు ఎండేసుకునీది,” అన్నాడు. “ఎరుగుదువా?”

“ఎరగను.”

“గేసు వదిలీసినా ఆడే ఎండేసుకునీది.” రోడ్డు వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండుననుకున్నాను. మళ్ళీ నా వైపు తిరిగాడు. “మాయమ్మ పోనాది. మా తమ్ముడోళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నారు, పిల్లలతోటి. గొట్టం కూడా ఆడే ఉన్నాది. మొన్ననే మళ్ళీ అతుకులేత్తన్నారు. ఇప్పుడు సూసీవోడికి కళ్ళు కనపడతన్నాయా సెల్లీ?”

“తెలీదన్నా.”

“అయితే కనుక్కో,” అన్నాడు.